సుమలత చేతికి నల్లబడని ఉంగరం

మెరిసే వస్తువుని నల్లగా మార్చినందుకు జీతం తీసుకునే మనిషి బందరు మొత్తం మీద ఒక్కతే ఉంది. ఆవిడ పేరు సుమలత. వయసు యాభై ఒకటి. చిలకలపూడిలో వెంకట్రామయ్య గారి నగల కార్ఖానాలో పని. రిజిస్టరులో ఆవిడ ఉద్యోగం "హెల్పరు" అని ఉంటుంది గానీ, లోపలి ఆడవాళ్ళు "చిలుము చెయ్యి" అంటారు. ఎదురుగా అనరు, ఆవిడ వెనక్కి తిరిగాక అంటారు. ఆవిడ చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి.

కొందరి చెమట అంతే. పొద్దున మిలమిలలాడుతూ పెట్టుకున్న రాగి ఉంగరం సాయంత్రానికి లోపలి వైపు నుంచి నల్లబడుతుంది, రెండో రోజుకి వేలి చుట్టూ ఆకుపచ్చ గీత పడుతుంది. కవరింగ్ నగలదీ అదే దారి, ఎందుకంటే పైన బంగారు పూత ఎంత ఉన్నా అడుగున ఉండేది రాగే. సుమలత పెళ్ళి గురువారం జరిగితే, ఆదివారం చర్చి ముందు తీసిన ఫోటోలో కొత్త పెళ్ళికూతురి మెడ చుట్టూ చిలుము చార స్పష్టంగా కనబడుతుంది. ఆ ఫోటో ఇప్పటికీ గోడ మీదే ఉంది. అత్తగారు భాగ్యమ్మ దాన్ని తీయనివ్వదు. "నీ కాపరం పచ్చగా ఉండాలని దీవించాను గానీ, మెడ పచ్చగా ఉండాలని నేనన్లేదే అమ్మాయ్" అని వచ్చిన చుట్టాల ముందు అంటుంది. భాగ్యమ్మ చేతికి ముప్పయ్యేళ్ళుగా ఒక రాగి కడియం ఉంది. అది ఎప్పుడూ నిగనిగలాడుతుంది. తన మనసు మంచిది కాబట్టి మెరుస్తోందని ఆవిడ నమ్మకం. చేపల పులుసుకి నానబెట్టిన చింతపండు పిప్పితో రోజూ ఆ కడియాన్ని తోమే సంగతి ఆ నమ్మకానికి అడ్డం రాలేదు.

సుమలత కార్ఖానాలో చేరింది ఇరవై రెండేళ్ళ కిందట. మెరుగు పెట్టిన రాగి గాజుల్ని పూతకి పంపే ముందు పళ్ళాల్లో సర్దడం పని. మూడో రోజు పొద్దున చూస్తే, ఆవిడ సర్దిన ప్రతి గాజు మీదా గోధుమ రంగు వేలిముద్రలు తేలి ఉన్నాయి. పోలీసులు సిరా పూసి తీసినా అంత బాగా పడవు. వెంకట్రామయ్య గారు ఆవిణ్ణి పిలిచి, ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపట్నించి నువ్వు సరుకు ముట్టుకోకమ్మా" అన్నారు. ఉద్యోగం పోయిందనుకుని సుమలత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన వ్యాపారస్తుడు. ఎవరూ వద్దనుకున్న దానిలో పనికొచ్చేది ఏముందా అని చూసే అలవాటు ఆయనకి ఉంది. ఈ చేతి మీద నెల రోజులు నల్లబడకుండా నిలిచిన వస్తువు, మామూలు ఆడవాళ్ళ చేతుల మీద ఏడాది నిలుస్తుంది కదా అని ఆలోచించారు.

అలా మొదలైంది పరీక్ష. పద్ధతి చాలా చిన్నది. ఎడమ చేతికి ఏ పూతా లేని వట్టి రాగి ఉంగరం. కుడి చేతికి కొత్త పూత వేసిన గాజు. వట్టి ఉంగరం నల్లబడి, గాజు మెరుస్తూ ఉంటే పూత గెలిచినట్టు. రెండూ నల్లబడితే పూత తెచ్చినవాడు సంచీ సర్దుకోవాలి. నెలాఖరున వెంకట్రామయ్య గారు భూతద్దం పెట్టుకుని కూర్చుంటారు. సుమలత ఏదన్నా చెప్పబోతే, "చెప్పడం ఎందుకమ్మా, చెయ్యి చాపు" అంటారు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆవిడ మాట విన్నది లేదు. చెయ్యే చూసేవారు.

మిగతా వేళల్లో సుమలత కౌంటరు దగ్గర నిలబడి, కొనడానికి వచ్చిన ఆడవాళ్ళకి జాగ్రత్తలు చెప్తుంది. ఆవిడ చెప్తుంటే పాఠం వింటున్నట్టు ఉంటుంది. స్నానానికి ముందు తీసెయ్యండి. సెంటూ పౌడరూ అన్నీ అయ్యాక ఆఖర్న పెట్టుకోండి. రాత్రి తీశాక మెత్తటి నూలు గుడ్డతో చెమట తుడవండి. తడి లేకుండా ఆరనిచ్చి, ఒక్కొక్కటీ విడిగా గుడ్డలో చుట్టి, గాలి చొరబడని కవర్లో పెట్టి, అందులో ఒక సుద్దముక్క వెయ్యండి, మన బందరు గాలిలో ఉన్న తడిని అది పీల్చేస్తుంది. వట్టి రాగి నల్లబడితే చింతపండో, నిమ్మచెక్కా ఉప్పో రుద్ది, వెంటనే కడిగి, వెంటనే తుడవండి. పూత ఉన్నదానికి మాత్రం చింతపండు చూపించనైనా చూపించొద్దు.

ఈ ఆఖరి మాట ఎవరి చెవికీ ఎక్కదు. పమిడిముక్కల నుంచి ఒకావిడ సరికొత్త కవరింగ్ హారం కొనుక్కెళ్ళి, ఇంట్లో రాగి బిందె తోమినట్టే చింతపండూ బూడిదా వేసి దాన్ని తోమేసింది. నాలుగో రోజు ఎర్రగా, వట్టి రాగిగా మారిన హారం పట్టుకొచ్చి, "మీ బంగారం కొట్టుకుపోయిందండీ" అంది. "బిందె బాగుందాండీ" అని అడిగింది సుమలత. "బ్రహ్మాండంగా ఉందండీ" అంది ఆవిడ గర్వంగా.

ఇలా ఊరందరికీ నగల భద్రత నేర్పే మనిషికి భద్రపరుచుకోడానికి తన నగ అంటూ ఒక్కటీ లేదు. ఉంటే చెయ్యి ఊరుకోదు కదా.

మొన్న దసరాలు వెళ్ళాక గుడివాడ నుంచి జయకృష్ణ అనే ముప్పై అయిదేళ్ళ మనిషి కొత్త పూత పట్టుకొచ్చాడు. కెమిస్ట్రీ చదివి, రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం మానేసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండేళ్ళు తంటాలుపడి చేసిన పూత. ఈ మధ్య వట్టి రాగి గాజులు, రాగి కడియాలు మళ్ళీ ఫ్యాషనయ్యాయి. వాటి ఎర్రదనం పోకుండా పైన అద్దంలాంటి పొర నిలవాలి. అంతకుముందు పదమూడు రకాలు తెచ్చి, పదమూడుసార్లూ సుమలత చేతి దగ్గర ఓడిపోయాడు. ఇది పద్నాలుగోది. "అక్కా, ఈసారన్నా కాస్త దయ చూపించండి" అన్నాడు గాజు ఇస్తూ. "నాదేముంది బాబూ, చెమట దయ" అంది సుమలత.

పది రోజులైంది. గాజు మెరుస్తోంది. సుమలత సంతోషించింది. ఇరవై రోజులైంది, ఇంకా మెరుస్తోంది. అప్పుడు ఎందుకో ఎడమ చెయ్యి చూసుకుంది. వట్టి రాగి ఉంగరం కూడా మెరుస్తోంది.

తీసి కిటికీ దగ్గర చూసింది. లోపలి వైపు ఎర్రగా, కొత్తగా ఉంది. వేలి చుట్టూ గీత లేదు. కార్ఖానాలో ఇంకో ఉంగరం అడిగి తెచ్చి రెండు రోజులు పెట్టుకుంది. అదీ అంతే. నెలసరి ఆగి ఏడాదైంది, బీపీ మాత్రలు మొదలై ఆరు నెలలైంది. ఏది కారణమో తెలియదు గానీ, చెమట మారిపోయింది. చిలుము చెయ్యి చచ్చిపోయింది.

మొదట పట్టలేని ఆనందం కలిగింది. దాచడం ఎందుకు, కలిగింది. ఆ సాయంత్రం కొట్లోనే ఒక సన్న కవరింగ్ గొలుసు కొనుక్కుని, ఇంటికెళ్ళి మెళ్ళో వేసుకుని, అద్దం ముందు చాలాసేపు నిలబడింది. పడుకోబోయే ముందు తీసి, నూలు గుడ్డతో తుడిచి, చుట్టి, కవర్లో సుద్దముక్క వేసి పెట్టింది. వేలమందికి చెప్పిన పని తన చేత్తో చేసుకోవడం అదే మొదలు. మర్నాడు పొద్దున బస్సు ఎక్కుతుండగా అసలు సంగతి తట్టింది. ఈ చెయ్యి నల్లబరచకపోతే, కార్ఖానాలో తనకింక పనేముంది? మెరుగు పని రాదు, పూత పని రాదు. ఇరవై రెండేళ్ళుగా నేర్చుకున్న విద్య చెమట పట్టడం ఒక్కటే.

ఇక చేతిని బతికించే ప్రయత్నాలు మొదలయ్యాయి. మూడు పూటలా ఆవకాయ తింది. ఎండురొయ్యల కూర వండించుకుంది. మిట్టమధ్యాహ్నం గొడుగు లేకుండా బస్టాండు దాకా నడిచి వెనక్కి వచ్చింది. భర్త దయానందానికి ఆటో ఉంది. దార్లో ఎదురుపడి, ఎక్కమని అడిగాడు. "వద్దండీ, చెమట పట్టాలి" అంది. ఆయన ముప్పయ్యేళ్ళ సంసారం చేసినవాడు కాబట్టి ఇంకేమీ అడగకుండా హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చిలో ప్రార్థన అవసరాలు చెప్పమన్నప్పుడు సుమలత లేచి, "నా చెయ్యి మళ్ళీ ఎప్పట్లా అవ్వాలని ప్రార్థించండి" అంది. ఏమైందో సరిగ్గా చెప్పలేదు, ఎలా చెప్తుంది? పాస్టరు గారు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఈ సహోదరి చేతిలో ఉన్న ప్రతి దోషాన్నీ తీసివేయుము తండ్రీ అని గట్టిగా ప్రార్థన చేశారు. సంఘమంతా ఆమెన్ అంది. సుమలత ఒక్కతే అనలేదు. ఉన్న కాస్త దోషమూ పోతుందేమోనని భయం.

"లోకంలో ఆడాళ్ళందరూ నగ మెరవాలని చూస్తారు. నువ్వేంటే, నల్లబడాలని ఉపవాసం ఉండేట్టున్నావు" అంది భాగ్యమ్మ. విషయం విన్నాక ఆవిడ వెక్కిరించలేదు. కడియం తడుముకుంటూ, "వాళ్ళకి చెప్పకే. ఎలాగోలా నెట్టుకురా" అంది.

ఎలాగోలా అంటే ఎలాగో సుమలతకి తెలుసు. ఉడికించిన కోడిగుడ్డుని రెండు ముక్కలు చేసి, రాగి వస్తువుతో పాటు గట్టి మూత ఉన్న డబ్బాలో పెడితే, సాయంత్రానికి ఆ వస్తువు నల్లబడుతుంది. రాగిని గుడ్డుకి దూరంగా ఉంచండి అని తనే ఎందరికో చెప్పింది. ఇప్పుడు వట్టి ఉంగరాన్ని ఆ డబ్బాలో పెడితే చాలు. ఉంగరం నలుపు, గాజు మెరుపు. పూత గెలిచినట్టే. జయకృష్ణకి మూడు వేల గాజుల ఆర్డరు వస్తుంది. వెంకట్రామయ్య గారికి సరుకు వస్తుంది. తన పని తనకి ఉంటుంది. ఒక్క గుడ్డుతో ఇంతమంది బాగుపడతారంటే ఎవరికైనా మనసు ఊగుతుంది.

ఒకవేళ పూత మంచిది కాకపోతే? ఆ సంగతి చెప్పగల చెయ్యి ఇప్పుడు లేదు. మూడు వేల గాజులు ఊళ్ళ మీదకి వెళ్ళి, రెండు నెలల్లో నల్లబడి తిరిగొస్తే, పోయేది వెంకట్రామయ్య గారి పేరు. ఇదంతా ఆలోచిస్తూనే సుమలత గుడ్డు ఉడకబెట్టింది. డబ్బాలో పెట్టింది. సాయంత్రం తీసి చూస్తే ఉంగరం బొగ్గులా ఉంది. "అరడజను తెస్తే అయిదే ఉన్నాయి, ఆరో గుడ్డేదే" అని వంటింట్లోంచి భాగ్యమ్మ అడుగుతూనే ఉంది.

నెలాఖరున కార్ఖానాలో పరీక్షకి కూర్చున్నారు. జయకృష్ణ ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడ పక్కన నిలబడ్డాడు. వెంకట్రామయ్య గారు భూతద్దంతో ముందు గాజు చూశారు, తరవాత ఉంగరం చూశారు. ఎనభైకి దగ్గరపడిన కళ్ళు, గుడ్డు నలుపుకీ చెమట నలుపుకీ తేడా పట్టలేదు. "గెలిచావోయ్" అన్నారు జయకృష్ణతో, సొరుగులోంచి ఆర్డరు పుస్తకం తీస్తూ. జయకృష్ణ ముఖం చూడ్డానికే సుమలతకి బాగా అనిపించింది. ఆయన పెన్ను మూత తీశారు.

"ఆగండి బాబాయిగారండీ" అంది సుమలత. "అది నా చెయ్యి కాదండీ. గుడ్డు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆవిడ అంతా చెప్పింది. చెమట మారిపోవడం, ఆవకాయ, ఎండ, డబ్బా, అన్నీ. చర్చి సంగతి ఒక్కటే వదిలేసింది. చెప్తున్నంతసేపూ నేల వంకే చూసింది.

"అంటే నా పూత మంచిదో కాదో తెలీదన్నమాట" అన్నాడు జయకృష్ణ మెల్లగా. ఆ మాటే సుమలతకి ఎక్కువ గుచ్చుకుంది.

వెంకట్రామయ్య గారు పెన్ను మూత పెట్టారు. "రావద్దని నేననను" అన్నారు. "కానీ వచ్చి ఏం చేస్తావో నువ్వే ఆలోచించుకుని చెప్పు."

సుమలత నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంది. అయిదో రోజు వెళ్ళి, ఆయన ముందు నిలబడి, అడిగింది. "హంసలదీవిలో మన వీరదుర్గ ఉందిగదండీ, ఇదివరకు ఇక్కడ పళ్ళాలు సర్దేది. ఇప్పుడు అక్కడి ఆడాళ్ళతో పాటు పొద్దున రొయ్యలు వలుస్తుంది, మధ్యాహ్నం చేపలు ఎండబెడుతుంది. ఉప్పుగాలి, ఐసు నీళ్ళు, చేపల నీచు. నా చెయ్యి మంచి రోజుల్లో ఉన్నప్పుడు కూడా రాగిని అంత పాడు చెయ్యలేదండీ. ఆరు పూత గాజులు, ఆరు వట్టి గాజులు ఇవ్వండి. పన్నెండుమందికి వేసొస్తాను. నెలకి పట్టుకొస్తాను."

"ఆడాళ్ళ చేతికి వేసిన గాజు తిరిగొస్తుందా?"

"పూచీ నాదండీ."

చల్లపల్లిలో ఒక బస్సు, అవనిగడ్డలో ఇంకో బస్సు మారి వెళ్ళింది. వీరదుర్గ తనతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్ళని రొయ్యల షెడ్డు ముందు వరసగా కూర్చోబెట్టింది. ఏ గాజుకి పూత ఉందో సుమలత ఎవరికీ చెప్పలేదు. తీయొద్దు, తోమొద్దు, తుడవొద్దు, ఇదొక్కటే షరతు. జీవితంలో మొదటిసారి సుమలత నగల విషయంలో అన్నీ తప్పుడు సలహాలు ఇచ్చింది. "జాగ్రత్తగా చూసుకోకపోవడం మాకు బాగా వచ్చొదినా" అంది వీరదుర్గ.

నెల తిరిగాక మళ్ళీ వెళ్ళింది. షెడ్డు గుమ్మంలో అడుగు పెట్టగానే ఒకావిడ గాజు తీసి ఒళ్ళో పడేసింది. నల్లగా, మధ్యలో పచ్చ మచ్చలతో ఉంది. "ఇదేం గాజమ్మా, మా ఆయన నా చెయ్యి చూసి అన్నం వద్దన్నాడు" అంది. వెనకే ఇంకొకటి పడింది. మొత్తం ఆరు. ఒక్కో గాజుతో పాటు ఒక్కో తిట్టు.

"మిగతా ఆరూ?" అంది సుమలత.

షెడ్డంతా ఒక్కసారిగా పనిలో పడింది. ఇందాకటిదాకా కబుర్లాడిన ఆడవాళ్ళు రొయ్యల మీద నుంచి తల ఎత్తలేదు. ఒకామెది కాలవలో జారిపోయిందట. ఒకామెది కోడలు పుట్టింటికి పట్టుకుపోయిందట, ఆ కోడలు ఆమె పక్కనే కూర్చుని రొయ్యలు వలుస్తోంది. మరో ఇద్దరు అసలు తమకి ఇచ్చినట్టే గుర్తు లేదన్నారు. ఇంకో పిల్ల, పెళ్ళయి మూడు నెలలైనట్టుంది, ఏమీ అనకుండా చెయ్యి రొయ్యల బుట్టలోకి మోచేతిదాకా దించేసింది.

"నువ్వన్నా తియ్యవే దుర్గా" అంది సుమలత.

"ఏ గాజొదినా?" అంది వీరదుర్గ, చెయ్యి కొంగు కింద పెట్టుకుని. కొంగు పాతది, పల్చబడింది. కింద ఎర్రగా, కొత్తగా గాజు మెరుస్తోంది. సుమలత ఆ మెరుపు చూసింది, వీరదుర్గ ముఖం చూసింది. తరవాత షెడ్డంతా ఓ చుట్టు తిరిగి, బుట్టలోదీ, పైటచాటుదీ, మోచేతి పైకి నెట్టినదీ, ఒక్కొక్కటే కంటితో లెక్కపెట్టుకుంది. కొంగుచాటుదానితో కలిపి ఆరు. ఇంకేమీ అడక్కుండా టీ తాగి బస్సెక్కింది.

మర్నాడు వెంకట్రామయ్య గారి బల్ల మీద ఆరు నల్ల గాజులు పెట్టింది. ఆయన భూతద్దం తీసి ఆరూ చూశారు. భూతద్దం చేతిలో ఉంచుకునే, "పూతవి ఏవి?" అన్నారు.

"రాలేదండీ."

"ఎన్ని?"

"ఆరూ రాలేదండీ. ఒక్కళ్ళూ ఇవ్వలేదు."

"పూచీ అన్నావు."

"అన్నానండీ." సుమలత నల్ల గాజుల్ని ఓ పక్కకి జరిపింది. "చూశానండీ. ఆరూ నిన్న పెట్టినట్టే ఉన్నాయి. గుడ్డు గిడ్డు ఏమీ లేదండీ, నేను చూసింది చెప్తున్నాను. చూపించడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు."

ఆయన ఆవిడ రెండు చేతుల వంకా చూశారు. ఎడమ చెయ్యీ ఖాళీ, కుడి చెయ్యీ ఖాళీ. చెయ్యి చాపమనలేదు. భూతద్దం సొరుగులో పెట్టి, ఫోను తీసి, గుడివాడ కలిపారు. "జయకృష్ణా, పూత మొదలెట్టవోయ్. మూడు వేలు. ఆఁ, సుమలత చెప్పింది" అన్నారు. అంతే, ఇంకేమీ వివరించలేదు. ఫోను పెట్టేసి, "వచ్చే నెల కడియాలు వస్తున్నాయి. ఈసారి ఇరవై నాలుగు పట్టుకెళ్ళు. పన్నెండు పోతాయని ముందే అనుకుంటాలే" అన్నారు.

సుమలత అలాగేనండీ అని బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే గానీ జరిగింది బుర్రకెక్కలేదు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఏ వస్తువూ చూడకుండా, వట్టి ఆవిడ మాట మీద సరుకు చెప్పడం ఇదే మొదటిసారి. రోడ్డు మీద నిలబడి ఏడ్చింది. దయానందం ఆటో పక్కనే ఆపి, ఏమైందని అడిగితే, ఏమీ లేదని చెప్పి ఎక్కి కూర్చుంది.